ఏ కాంటూరు దగ్గర అడుగుతున్నాం?

కొల్లేరు సరస్సు ఎంత పెద్దది? ఈ ప్రశ్నకు ప్రభుత్వ కాగితాల్లోనే రెండు జవాబులున్నాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించినప్పుడు ఐదో కాంటూరు (సమాన ఎత్తు గీత) దాకా కొలిచి 308 చదరపు కిలోమీటర్లన్నారు. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కినప్పుడు 901 అన్నారు. రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. గీత ఎక్కడ గీశారన్నదే తేడా. సరస్సులోని కొల్లేటికోట ఊళ్లో ఆ గీతకు ఇటుంటే చేపల చెరువు, అటుంటే కేసు. ఎం.ఏ.లో సామాజిక పరిశోధనా పద్ధతులు చదివేవాళ్లకు నిర్వచనం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. అయినా ఆ పేపరును నోట్సు బట్టీ పట్టి గట్టెక్కే పాఠంగా మార్చుకున్నాం. నిజానికి మన ప్రాంతంలో ఈ విద్య ఎదిగింది ఊళ్లు తిరిగినవాళ్ల కాళ్ల మీదే.

ముందు తిరిగింది దొరలు. 1883లో గోర్డన్ మెకంజీ కృష్ణా జిల్లా మాన్యువల్ రాశాడు. అది పాలించేవాడి చూపు: శిస్తు, నీరు, కులాలు, రోడ్లు. ఆ చూపు తిప్పినవాడు మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పిన గిల్బర్ట్ స్లేటర్. ఆయన విద్యార్థుల చేతికి ప్రశ్నల పట్టిక ఇచ్చి, సెలవుల్లో ఎవరి ఊరికి వాళ్లను పంపాడు. వాళ్లు తెచ్చిన వివరాలే 1918లో పుస్తకమయ్యాయి. దాదాపు ఇరవై ఏళ్లకు అర్థశాస్త్రవేత్తలు థామస్, రామకృష్ణన్ అవే ఊళ్లను మళ్లీ పరిశీలింపజేసి 1940లో ఇంకో పుస్తకం తెచ్చారు. ఈలోగా 1926లో నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద బెజవాడలోనే పుస్తకం అచ్చువేయించారు. రంగాగారిని నాయకుడిగా తలుచుకునేవాళ్లు ఈ పుస్తకాన్ని మరిచిపోవడం అన్యాయం. 1950ల మొదట్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే బృందం హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట వెళ్లింది. ఒక ఊరు అర్థం కావాలంటే ఒక శాస్త్రం చాలదని, వైద్యం, వ్యవసాయం తెలిసినవాళ్లను కూడా వెంటబెట్టుకెళ్లడం ఆ పనిలోని గొప్ప.

ఇప్పుడు స్లేటర్‌ లాంటి ప్రశ్నల పట్టికను కొల్లేటి లంకల్లోకి తీసుకెళదాం. "మీకు చెరువు ఉందా?" అని అడిగామనుకోండి. మత్స్యకారుల సొసైటీ సభ్యుడు "ఉందండీ" అంటాడు. కాగితం మీద వాటా ఉంది కనుక అది నిజమే. కానీ ఆ చెరువు బయటివాళ్లకు లీజుకు పోయి, తాను దాని గట్టు మీదే కూలికి కాపలా కాస్తుండొచ్చు. ప్రశ్నావళిలో "అవును" గడిలో టిక్కు పడుతుంది, బతుకు మాత్రం ఆ గడిలో పట్టదు. "మీ వృత్తి?" అన్నా అంతే. నీళ్లున్నప్పుడు దోనె, వల. నీరు తీసినచోట వరి. మిగతా రోజులు చేపల పట్టుబడికి కూలి. ఏ నెలలో అడిగామన్నదాన్ని బట్టి ఒకే మనిషి మూడు వృత్తులవాడవుతాడు.

ఇలా ఊళ్లు తిరిగి అడగడానికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. ఇలా ఒక్కో గడప దగ్గర కూర్చుంటే విధానాలు తయారవుతాయా, ఒక్క కొల్లేటికోట మొత్తం సరస్సుకు నమూనా అవుతుందా అంటారు గణాంకాలవాళ్లు. కాదు, అవదు. నమూనా శాస్త్రం అక్కర్లేదనడం మూర్ఖత్వం. కానీ వంద ఇళ్లకు తప్పు ప్రశ్న వేస్తే వచ్చేది వందరెట్ల తప్పే. ఏది అడగాలో తేల్చుకోవడానికి మొదట పది గడపల దగ్గర తీరిగ్గా కూర్చోవాలి, లెక్క ఆ తర్వాత. సొంత ఊరిని సొంతవాళ్లు చూస్తే తమ వీధే కనబడుతుంది, తమ కులమే మాట్లాడుతుంది అన్నది రెండో మాట. స్లేటర్ పద్ధతికి ఆ లోపం ఉంది. దానికి విరుగుడు రెండోసారి, మరొకరి కళ్లతో చూడడమే. 1940 నాటి పుస్తకం విలువ అక్కడే ఉంది. ఇక డబ్బు, తీరిక లేవన్నది మూడోది. స్లేటర్ శిష్యులకు అయిన ఖర్చు ఊరికి వెళ్లే బండి ఖర్చే కదా! తాడేపల్లిగూడెంలోనో, ఏలూరులోనో పీజీ చదివే పిల్లలకు కొల్లేటి పక్కనున్న కైకలూరు బస్సు అంతకన్నా భారం కాదు.

ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకు కొల్లేటికోట కిటకిటలాడుతుంది. మీ ఇంట్లో ఎం.ఏ. చదివేవాళ్లుంటే, అప్పుడొకసారి నోటుపుస్తకంతో అక్కడికి పంపండి. వానలు పడి సరస్సు నిండాక, అవే గడపలకు మళ్లీ వెళ్లమనండి.