వంటగదిలో షాకు: దోషమెచ్చట నున్నది?
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము ప్రక్కనే తార్నాక యున్నది. అచ్చట నేను పనిచేసిన ఒక కార్యాలయములో చిన్న వంటగది ఉండెడిది. ఫ్రిజ్ ముట్టిన షాకు కొట్టుచున్నదని ఒకనాడు వంటమనిషి మొరపెట్టుకొన్నది. మేమందరము ముట్టి చూచితిమి, ఏమియు లేదు. మా కాళ్లకు చెప్పులున్నవి, ఆమె తడినేలపై వట్టి కాళ్లతో నిలుచునది. ఆ భేదము మాకు తట్టలేదు. అయినను ఫ్రిజ్ మార్పించితిమి. మరునాడు గ్రైండరు కొట్టినది, ఆ పిమ్మట క్రొత్త ఫ్రిజ్ కొట్టినది!

విశ్వవిద్యాలయ ప్రాంగణములో చిరకాలము వైరింగు పనిచేసిన ఒక వృద్ధుని పిలిపించితిమి. ఆయన ఏ యంత్రమును విప్పలేదు. అన్ని ప్లగ్గులను ఊడదీసి, ఒక్కొక్కటే తిరిగి పెట్టుచు, ఫ్రిజ్ రేకునకును బయట నేలలో దిగవేసిన ఇనుపకడ్డీకిని మధ్య మీటరు పెట్టి చూచెను. ఫ్రిజ్ పెట్టినను, గ్రైండరు పెట్టినను ముల్లు కదలలేదు. టీ కెటిల్ స్విచ్చి వేయగానే ఫ్రిజ్ రేకుపై వోల్టేజి కనబడినది. "అయ్యా, దొంగ ఒకడు, దెబ్బలు తిన్నది మరొకడు" అని ఆయన నవ్వెను.

కెటిల్ లోపల విద్యుత్తు దాని లోహపు పైతొడుగునకు కారుచుండెను. మూడింటి పైతొడుగులును ఒకే ఎర్త్ తీగకు కలిసియున్నవి. ఆ తీగ భూమిని చేరియున్నచో కారిన విద్యుత్తు అటే పోయెడిది. గొయ్యి త్రవ్వి చూడగా తీగ తుప్పుపట్టి తెగియున్నది. కావున కెటిల్ దోషము ఫ్రిజ్‌కును గ్రైండరుకును ప్రాకినది.

మరి ఫ్యూజు ఏల పోలేదని మీరడుగవచ్చును. 5 ఆంపియర్ల ఫ్యూజు అంతకు మించిన ప్రవాహమునకే కాలును. మనిషి ప్రాణము తీయుటకు ఆంపియరులో నూరవ వంతులు కొన్ని చాలును. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అను స్విచ్చి అట్టి స్వల్పమైన కారుడునకే సరఫరాను ఆపివేయును.

మీ పాఠశాల వంటశాలలో, అంగన్‌వాడీలో, పంచాయతీ కార్యాలయములో ప్లగ్గు లావుకాలు విరిచి వాడుచున్నారేమో చూడుడు. వేసవిలో ఎర్త్ గొయ్యికి నీరు పోయించుడు. రాతినేలలో తడి ఆరినచో ఎర్త్ సరిగా పనిచేయదు. ఎర్త్ లేనిచోట దానిని న్యూట్రల్‌కు కలుపు పనివారును కలరు. అట్లు ఎన్నడును చేయనీయకుడు. న్యూట్రల్ తెగిననాడు ప్రతి యంత్రపు పైతొడుగును 230 వోల్టులతో నిండును.

పాత ఫ్రిజ్‌లో దోషమే లేదు. మార్చుటకు సంతకము చేసినవాడను నేనే. క్రొత్త ఎర్త్ వేయించి, కెటిల్ పారవేసి, ఆర్‌సీసీబీ పెట్టించిన తరువాత కూడ ఆ వంటమనిషి ఫ్రిజ్ ముందర చెక్కపీట వేసుకొనియే నిలుచుండెడిది. తీసివేయుమని నేను చెప్పలేదు.