బోరుబండి ఎదిగిన తీరు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సర్వీసంతా బోర్ల పనిలో గడిపినవాణ్ణి గనుక ఆ యంత్రాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు.

మన కదిరి ప్రాంతంలో పైన పలుచని ఎర్రనేల, కింద గట్టి రాయి. నీరుండేది ఆ రాతి పగుళ్లలోనే. జిల్లా సగటు వర్షం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. కపిల తోలిన రోజుల్లో ఎద్దులు ఎంత లోతు నుండి లాగగలవో అంతే బావి. రాయి తగిలితే మందు పెట్టి పేల్చవలసిందే.

1967 కరువు కాలంలో యూనిసెఫ్ సంస్థ గాలి ఒత్తిడితో పనిచేసే రిగ్గులను మన దేశానికి తెప్పించింది. కంప్రెసరు గాలి రాడ్ల గుండా దిగి అడుగున హ్యామరును ఆడిస్తుంది. కార్బైడు గుండీలున్న బిట్టు రాతిని పిండి చేస్తుంది. ఆ గాలే పిండిని పైకి చిమ్ముతుంది. వారాల తరబడి సాగే పని ఒకటి రెండు రోజులకు దిగింది.

దిగుమతి యంత్రం చెడితే విడిభాగం దొరకడం కష్టం. ఆ అవసరమే మన దేశంలో కుటుంబ పరిశ్రమలకు దారి చూపింది. తమిళనాడులోని తిరుచెంగోడు బోరుబండ్లకు పుట్టిల్లుగా పేరు పొందింది. మన తెలుగువారిలో కె. లక్ష్మారెడ్డి గారు స్థాపించిన కె.ఎల్.ఆర్. ఇండస్ట్రీస్ హైదరాబాదు చర్లపల్లిలో రిగ్గులు, హ్యామర్లు, బిట్లు తయారుచేసి ఆఫ్రికా దేశాలకు సైతం పంపింది.

ఇటువంటి సంస్థల ఎదుగుదలకు కారణం తేలికగానే తెలుస్తుంది. డ్రిల్లరు చెప్పిన లోపం నేరుగా యజమాని చెవిన పడుతుంది, తర్వాతి బండిలో అది సరి అవుతుంది. పైగా బిట్టు అరిగిపోయే వస్తువు. ఒక రిగ్గు అమ్మితే దాని వెంట బిట్ల వ్యాపారం ఏళ్ల తరబడి నడుస్తుంది.

అయితే బండి బలం పెరిగిన కొద్దీ మన నీరు లోతుకు పోయింది. ఒకప్పుడు 150 అడుగులంటే లోతైన బోరు. ఇప్పుడు 1000 అడుగులు దాటించే కంప్రెసర్లున్నాయి. యంత్రం ఎంత గొప్పదైనా లేని నీటిని తేలేదు. మనలో కొందరి గ్రాట్యుటీ సొమ్ము పిల్లల పొలాల్లో ఎండుబోర్లకే పోయింది.

కనుక నా విన్నపం. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకోండి, రిగ్గు రిజిస్టరైనదో కాదో చూడండి. టెంకాయ లేచిందని కాక భూగర్భ శాస్త్రజ్ఞుని సర్వే చేయించండి. లోతు పెరిగే కొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, అందుచేత రేటును, ఆపవలసిన లోతును ముందే కాగితం మీద పెట్టండి. బండి పొలంలో నిలబడి ఉండగా “ఇంకో వంద అడుగులు” అనే ఆశే అప్పు చేయిస్తుంది. ఎండిన బోరుకు ఆ రోజే గట్టి మూత వేయించండి, పసిబిడ్డలు తిరిగే చోటు.