సంరక్షకునికంటె ముందు పని

(పెనుమూడి పఠనమందిరమునందు చేసిన ప్రసంగము)



ఇటీవల మన రేపల్లె ప్రాంతపు రైతొకరు నాయొద్దకు వచ్చి, తన పొలమంతయు చిన్నకుమారునిపేర వ్రాయుమని కోరిరి. పెద్దవాని మాటయేమని యడిగితిని. "వానికి ఇరువదియాఱేండ్లు, ప్లీడరుగారూ. ఆటిజమని డాక్టర్లు చెప్పినారు. వానికి ఆస్తి యెందుకండీ? నా తరువాత చూచువాడొకడుండిన జాలును" అని కంటనీరు పెట్టుకొనిరి.

ఆ తండ్రి దుఃఖము నిజము. ఎంచుకొన్న దారియే తప్పు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆస్తిని వారసత్వముగా పొందుటకును, తన సొమ్ము తానే చూచుకొనుటకును ఇట్టివారికి అందఱితోపాటు హక్కు గలదని చెప్పుచున్నది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద జిల్లా మేజిస్ట్రేటు సభ్యుడుగా నుండు స్థానికసంఘము సంరక్షకుని నియమింపవచ్చును. కాని అంతకుముందు అసలు సంరక్షకుడు కావలెనా, ఏయే పనులకు కావలెనని విచారింపవలెను. మనమో, ఆ ప్రశ్న వేయకయే తీర్పు చెప్పుచున్నాము!

ఆ పెద్దకుమారుని నేను చూచితిని. మాట తక్కువ. చప్పుడైనచో చెవులు మూసికొనును. కాని తమ్ముని రొయ్యలచెరువులయొద్ద ఏ పూట ఎన్ని మేతసంచులు వేసిరో నెలదినముల లెక్క తడుముకొనక చెప్పును. లెక్క అతనిది, జీతము గుమాస్తాది.

ఈ లెక్కల పిచ్చి నాకు మఱియొకనిని జ్ఞప్తికి దెచ్చినది. 1943లో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసముతో ఆటిజము లోకమున ప్రసిద్ధమాయెను. వారిలో మొదటివాడు అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రపు డోనాల్డ్ ట్రిప్లెట్. అతని తండ్రియు న్యాయవాదియే. బాలుడు కనబడినదెల్ల లెక్కించుచుండగా, అతనిని తమ యింట నుంచుకొన్న రైతుదంపతులు గద్దింపలేదు; దున్నుచు మొక్కజొన్నసాళ్లు లెక్కించుకొమ్మనిరి. అతడు పెద్దవాడై స్వస్థలపు బ్యాంకులో దాదాపు 65 ఏండ్లు పనిచేసెను, కారు నడిపెను, ఒంటరిగా దేశములు తిరిగెను. 2023లో మరణించెను.

ఆ బ్యాంకు అతని తల్లివైపువారిదే గదా యని మీరనవచ్చును. నిజమే. మనకు బ్యాంకులు లేవు. బియ్యపుమిల్లులు, ఎరువులకొట్లు, ఐసు ఫ్యాక్టరీలు, చెరువులు మనవారివే కావా? ప్రభుత్వోద్యోగములలో 4 శాతము వికలాంగులకు కేటాయించిరి. అందొక శాతమును ఆటిజము గలవారు మఱికొన్ని తెగలవారితో పంచుకొనవలెను. పరీక్ష వ్రాసి ఆ వాకిలి దాటువారు కొందఱే. కృష్ణపై పులిగడ్డకు వంతెన పడకమునుపు ఈ రేవులో పడవ నడుపువానిని చదువెంతయని ఎవ్వరడిగిరి? ఒడ్డు చేర్చెనా యని చూచితిమి.

అయితే మనసుండిన చాలదు. మొదటి నెలలు ఒకరు ప్రక్కన నిలిచి చూపవలెను. "ఇది కాస్త చూచుకో" యనిన తెలియదు. "ఈ పది సంచులు ఆ గోడప్రక్కన పెట్టుము" అనవలెను. వేళ మార్చుచో ముందురోజే చెప్పవలెను. యంత్రపు రొదకు దూరముగా చోటీయవలెను. కొందఱికి జన్మమంతయు తోడు కావలసినదే. వారికిని దినమునకు రెండుగంటల పని యుండరాదా? జీతము మాత్రము తండ్రి చేతికి గాదు, పనిచేసినవాని చేతికే ముట్టవలెను.

ఆ రైతు దస్తావేజు నేనింకను వ్రాయలేదు. తమ్మునితో మాటలాడితిని. వచ్చు ఒకటవ తేదీనుండి మేతలెక్క పుస్తకమును అన్నగారికి అప్పగించుటకు ఒప్పుకొనినాడు. జీతమెంత యని యడిగితిని. అది యింకను తేలలేదు.