సంతకానికి సాక్ష్యమేది?

(ఉగాది సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం చిన్నప్పుడు అగ్గిపెట్టె బొమ్మలు పోగుచేసినట్లే, ఇక్కడ మన పిల్లలు హాకీ కార్డులు పోగుచేస్తారు. మన బొమ్మలకు దమ్మిడీ రాలేదు. ఈ కార్డులకో, లక్షలు పలుకుతున్నాయి. ఒంటారియోలోని లండన్ పట్టణంలో ఓ-పీ-చీ అనే చూయింగ్ గమ్ కంపెనీ 1979లో వేసిన వేన్ గ్రెట్‌స్కీ తొలి కార్డు ఒకటి, చెక్కుచెదరనిది, 2021లో 37 లక్షల 50 వేల అమెరికన్ డాలర్లకు అమ్ముడయింది. డబ్బున్న చోటికి దొంగ సరుకు రాక మానదు. పిల్లవాడు పుట్టినరోజు డబ్బులతో సంతకమున్న కార్డు కొంటానంటే మనం ఏమేమి చూడాలో నాలుగు మాటలు మనవి చేస్తాము.

మొదట కార్డును భూతద్దంతో చూడాలి. అసలుదానిలో అక్షరాల అంచులు తేటగా ఉంటాయి. అచ్చయిన కార్డునే ఫొటో తీసి మళ్లీ వేసిన నకలులో అవి చుక్కలు చుక్కలుగా విరిగి కనిపిస్తాయి.

తరువాత సంతకం. అలవాటైన చేయి గబగబా సాగుతుంది. నకలు చేసే చేయి తడబడుతుంది, ఆగిన చోటల్లా సిరా చిక్కబడుతుంది. రెండు కార్డుల మీది సంతకాలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటే అది యంత్రం పనో, రబ్బరు ముద్రో అనుకోవాలి. కలం వయసూ చూడాలి. షార్పీ మార్కరు బజారుకు వచ్చింది 1964లో. 1950లో చేసిన సంతకం షార్పీతో ఉందంటే ఇక అడగవలసిందేముంది?

“ధ్రువపత్రం ఉందిగా!” అంటారు. అమెరికాలో ఎఫ్.బి.ఐ. వారు 1990 దశకంలో ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరిట పట్టుకున్న ముఠాలు దొంగ సంతకాలతో పాటు దొంగ ధ్రువపత్రాలూ తయారుచేశాయి. గ్రెట్‌స్కీ అంతటివాడు 1991లో మరొకరితో కలిసి హోనస్ వాగ్నర్ బేస్‌బాల్ కార్డును 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్నాడు. దానికి గ్రేడింగ్ సంస్థ పెద్ద మార్కులే వేసింది. దాని అంచులు తానే కత్తిరించానని అంతకుముందు దానిని అమ్మిన వ్యాపారి 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు!

మన ఊళ్లో ఎకరం పొలం కొనాలంటే లింకు దస్తావేజులు అడగమా? సంతకానికీ అంతే. ఎవరి ఎదుట, ఎక్కడ, ఎప్పుడు చేశారు? ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చింది? కంపెనీయే ఆటగాడిచేత సంతకం చేయించి ప్యాకెట్లలో పెట్టిన కార్డులకు ఈ చిక్కు తక్కువ. 1990లో అప్పర్ డెక్ వారు రెజీ జాక్సన్‌చేత 2500 కార్డుల మీద అలా చేయించారు.

నిజమైనదంతా ఖరీదైనదీ కాదు. మారిస్ రిచర్డ్ అడిగినవారికల్లా ఓపికగా సంతకం చేసిన మనిషి, కనుక ఆయనవి దొరుకుతాయి. 1926లో కన్నుమూసిన జార్జ్ వెజినా సంతకం దొరకడమే అరుదు.

చివరిగా ఒక విన్నపం. 1996 నుండి 1998 వరకు టొరంటోలో భారత్, పాకిస్తాన్ జట్లు క్రికెట్ ఆడాయి. మన హైదరాబాదు అజరుద్దీన్ ఆ మైదానంలో ఆడాడు. ఆనాటి సంతకాలు మీ పెట్టెల్లో ఉంటే, ఏ రోజున, ఎలా తీసుకున్నారో వేరే కాగితం మీద రాసి, టికెట్టు ముక్క ఉంటే జతచేసి, కలిపి భద్రపరచండి. ఆ నాలుగు వాక్యాలు మీరు తప్ప మరొకరు రాయలేరు. రేపు మీ మనుమలు అమ్ముకున్నా, దాచుకున్నా, వారికి సాక్ష్యం అదే.