దుబాయిలో కండక్టరు లేని బస్సు



మన పావగడ వాళ్లకు సరిహద్దు దాటడం కొత్త కాదు. మధుగిరి మీదుగా తుమకూరు పోయే బస్సు దారిలో కాసేపు ఆంధ్ర నేల మీద నడుస్తుంది. బోర్డు కన్నడంలో ఉంటుంది, లోపల మాటలు తెలుగులో సాగుతాయి. చదువు రానివారికీ భయం లేదు. "అన్నా, మా ఊరు వస్తే చెప్పు" అంటే కండక్టరు చెబుతాడు.

పనికోసం దుబాయి చేరిన మన పిల్లవాడికి మొదట కరువయ్యేది ఆ కండక్టరే. అక్కడి సిటీ బస్సులో డ్రైవరు ఒక్కడే ఉంటాడు, అతను డబ్బు తీసుకోడు. నోల్ అనే కార్డు ముందే కొని, అందులో డబ్బు వేయించుకోవాలి. ఎక్కేటప్పుడు యంత్రానికి ఆనించాలి, దిగేటప్పుడు మళ్లీ ఆనించాలి. ఆ రెండోసారి సంగతే కొత్తవాళ్లు మరిచిపోతారు. మీరెక్కడ దిగారో యంత్రానికి తెలియదు కదా, ఎక్కువ ఛార్జీ పట్టేస్తుంది. అసలు కార్డే ఆనించకుండా దొరికితే జరిమానా 200 దిర్హాములు. ఇంటికి పంపే సొమ్ములో అంత తరుగు.

2009 సెప్టెంబరు 9న మొదలైన అక్కడి మెట్రో రైలుకు డ్రైవరు కూడా లేడు. 2011లో రెండో మార్గం వచ్చింది. ఎర్ర మార్గం నుంచి పచ్చ మార్గానికి మారాలంటే యూనియన్‌లో గాని, బుర్‌జుమాన్‌లో గాని దిగాలి. ఎక్కే ముందు గీతలు, బోర్డులు చూడండి. ఆడవాళ్లకు, పిల్లలకు వేరే చోటుంది, ఎక్కువ ఛార్జీ కట్టినవారికి ఇంకో పెట్టె ఉంది. పొరపాటున నిలబడినా జరిమానాయే. తినడం, తాగడం కుదరదు. ఇంటి నుంచి తీసుకుపోయిన శెనక్కాయలు సంచిలోనే ఉండనివ్వండి.

పాతవాళ్లు చెప్పిన గుర్తులను పూర్తిగా నమ్మకండి. స్టేషన్ల పేర్లు కంపెనీలకు అమ్ముతారు. ఒకప్పటి రషీదియా ఇప్పుడు సెంటర్‌పాయింట్. పేరు మారినా చోటు మారలేదు, కానీ కొత్తవాడికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

కార్మికుల శిబిరాలు చాలావరకు మెట్రోకు దూరం. సోనాపూర్ అని మనవాళ్లనే చోటు అలాంటిదే. పనికి కంపెనీ బస్సు తీసుకుపోతుంది. సెలవు రోజున డబ్బు పంపాలన్నా, డాక్టరును చూడాలన్నా సిటీ బస్సే దిక్కు. అది ఎక్కడం రానివాడు గదిలోనే ఉండిపోతాడు, లేదంటే అడిగినంత ఇచ్చి ఎవరి కారో ఎక్కుతాడు. అనుమతి లేకుండా కిరాయికి తిప్పే కార్లు అక్కడ చట్టవిరుద్ధం. నన్నడిగితే విమానం టికెట్టుకన్నా ముందు ఈ విద్య నేర్పాలి.

అది బెంగళూరులోనే నేర్పవచ్చు. విమానం ఎక్కడానికి ఎలాగూ అక్కడికే పోతారు. ఒక పూట ముందుగా పోయి, మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కించండి. లోపలికి పోయేటప్పుడూ, బయటికి వచ్చేటప్పుడూ గేటు దగ్గర కార్డు ఆనించే పని అక్కడా ఉంది. చెయ్యి అలవాటు పడుతుంది.

దుబాయి బోర్డులు అరబ్బీలో, ఇంగ్లీషులో ఉంటాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చిన మన పిల్లలకు ఇంకో లిపి గుర్తుపట్టడం బరువేమీ కాదు. ఇంగ్లీషు రాకుంటే తన శిబిరం దగ్గరి స్టాపు పేరునైనా రాయించుకుని, చూడకుండా రాసేదాకా దిద్దించండి. బస్సు నంబరు కూడా ఆ కాగితం మీదే ఉండాలి. ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకోమనండి. ఫోనులో ఛార్జి అయిపోయిన రాత్రి దారి అడగడానికి అదే పనికొస్తుంది.