పసివారి కంటిచూపు

పెద్దవారికి చూపు మందగించినచో ఆ మాట వారే చెప్పుదురు. సూదిలో దారమెక్కుట లేదనియో, పత్రికలోని అక్షరములు అలుకుకొనిపోవుచున్నవనియో ఇంటిల్లిపాదికిని తెలియజేయుదురు. పసిబిడ్డ అట్లు చెప్పజాలదు. మాటలు రాకపోవుట ఒక్కటే దానికి కారణము కాదు. స్పష్టమైన చూపు ఎట్లుండునో ఎన్నడును ఎరుగని బిడ్డ, తనకు చూపు లోపించినదని ఎట్లు తెలిసికొనును? ఒక కన్ను చూడకున్నను, రెండవది బాగుగా ఉన్నచో ఆ బిడ్డ ప్రాకును, నడచును, ఆడుకొనును. ఇంటిలో ఎవరికిని అనుమానము కలుగదు. కావున బిడ్డ పక్షమున కనిపెట్టి చూడవలసినవారు తల్లిదండ్రులు, అమ్మమ్మలు, నాయనమ్మలు. వారికి మేము మనవి చేయదలచినది ఒక్కటే: పసివారి కంటి విషయమున కాలయాపన కూడదు.

చూపు పుట్టుకతోనే పూర్తిగా వచ్చునది కాదు. అప్పుడే పుట్టిన శిశువు తన ముఖమునకు దగ్గరగా ఉన్న తల్లి ముఖమును మాత్రమే, అదియు మసకగా, చూడగలదు. రెండు నెలలు నిండునప్పటికి ఆమె వంక నిలకడగా చూచును; చూచి నవ్వును. మూడు నాలుగు నెలలకు కదలుచున్న వస్తువు వెంట చూపు త్రిప్పును. కన్ను పంపిన రూపమును పోల్చుకొనుట మెదడు నేర్చుకొనవలసిన విద్య. ఆ విద్యకు తొలి ఏండ్లే అదను.

1960వ దశకమున అమెరికాలో డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీసెల్ అను శాస్త్రజ్ఞులు పిల్లికూనలకు ఒక కంటిరెప్పను కొంతకాలము మూసియుంచి, పిదప తెరచి పరీక్షించిరి. కన్ను చెడలేదు; కాని మెదడు ఆ కన్ను పంపు వార్తను అందుకొనజాలకపోయెను. ఎదిగిన పిల్లులకు ఇట్లే చేసినప్పుడు అట్టి హాని కలుగలేదు. దృష్టిని గూర్చిన పరిశోధనలకు వారు 1981లో నోబెల్ బహుమానము పొందిరి.

మన బిడ్డల రెప్పలను ఎవరును మూయరు. కాని మెల్లకన్ను, పుట్టుకతో వచ్చిన శుక్లము, కనుపాపపైకి వాలిన రెప్ప, ఒక కంటికి మాత్రమే ఎక్కువగా ఉన్న దృష్టిదోషము - ఇవి ఆ పనినే చేయును. మెదడు సరిగా చూచు కంటినే నమ్ముకొని రెండవదానిని విడిచిపెట్టును. దీనినే వైద్యులు ఆంబ్లియోపియా అందురు. మనము మందదృష్టి అనవచ్చును. మెల్లకన్ను అదృష్టమను మాట మన ఇండ్లలో వినబడుచుండును. ఆ మాట నమ్మి ఊరకున్నందున చూపు పోగొట్టుకొనుట ఏమి అదృష్టము? తొలి నెలలలో అప్పుడప్పుడు చూపు ప్రక్కకు పోవుట సహజమే. నాలుగు నెలలు దాటిన పిదపను మెల్ల కనిపించినచో, వయస్సు వచ్చిన సర్దుకొనునని ఎదురుచూడక కంటివైద్యునికి చూపవలెను.

ఇంట చేయదగిన పరీక్ష ఒకటి కలదు. బిడ్డ ఆటవస్తువును చూచుచుండగా ఒక్కొక్క కంటిని అరచేతితో కప్పి చూడుడు. కుడికన్ను కప్పినప్పుడు ఊరకుండి, ఎడమకన్ను కప్పినంతనే ఏడ్చి చేతిని త్రోసివేయుచున్నచో, కుడికంటి చూపును శంకింపవలెను.

మందదృష్టికి చికిత్స కలదు. అడ్డమైన దోషమును తొలగించి, అవసరమైనచో కళ్లజోడు పెట్టి, బాగుగా ఉన్న కంటికి వైద్యుడు చెప్పినంతసేపు పట్టీ వేయుదురు. కొందరు బిడ్డలకు దినమునకు రెండు గంటలే చాలును. కాని చూచు కంటిని మూసినప్పుడు బిడ్డ ఏడ్చును, పట్టీని పీకివేయును. జాలిపడి పెద్దలు దానిని తీసివేయుటయు కలదు. ఆ రెండు గంటలు కథ చెప్పియో, బొమ్మలు చూపియో బిడ్డను మరపించుటయే నిజమైన జాలి.

కొన్నింటికి నెలలు కాదు, దినములే గడువు. కనుపాప నడుమ తెలుపు కనిపించినచో అది శుక్లము కావచ్చును. ప్రాణాపాయకరమైన కాన్సరు కంతియు కావచ్చును. వెంటనే ఆసుపత్రికి పోవలెను. పుట్టుశుక్లము దట్టముగా ఉన్నచో తొలి రెండు నెలలలోనే శస్త్రచికిత్స చేయుట మేలు. 34 వారములు నిండకముందే పుట్టిన శిశువునకు, పుట్టుకనాటి బరువు రెండు కిలోలకు తక్కువైన శిశువునకు నేత్రపటలములోని రక్తనాళములు సరిగా ఎదుగకపోవచ్చును. పైకి కన్ను చక్కగానే కనిపించును. కనుక పుట్టిన 30 దినములలోపున నిపుణునిచే పరీక్ష చేయింపవలెను. మరీ ముందుగా పుట్టినవారికి రెండు మూడు వారములకే చేయింపవలెను.

పురిటిబిడ్డ కన్ను ఎఱ్ఱబడి, వాచి, చీము కారుచున్నచో చనుబాలు, ఆముదము పోయుట తగదు. అదే దినమున వైద్యునికి చూపవలెను. కాటుక వలన కన్ను పెద్దదగునన్నది వట్టిమాట. కాటుకలో సీసముండవచ్చును, పెట్టు వ్రేలి మురికియు కంటిలో చేరును. దిష్టిచుక్కను అరికాలికి పెట్టినను చాలును.

తినిపించు వయస్సు వచ్చిన పిదప విటమిన్ ఏ మరువరాదు. దీని లోపమున మొదట రేచీకటి కలుగును. ముదిరినచో నల్లగుడ్డు కరగిపోవును. సంజవేళ బిడ్డ తడబడుచున్నను, ఎదుటి కంచమును తడవుకొనుచున్నను అనుమానింపవలెను. ఈ లోపమును నివారించుటకు 1970లో మన దేశమున మొదలైన కార్యక్రమము నేటికిని సాగుచున్నది. తొమ్మిది నెలలు నిండిన పిదప ఒక మోతాదు, ఏడాదిన్నర ప్రాయము నుండి ఐదేండ్లవరకు ఆరు నెలలకొక మోతాదు, వెరసి తొమ్మిది మోతాదులు ఉచితముగా ఇత్తురు. ఇంట మునగాకు, తోటకూర, గుమ్మడి, బొప్పాయి, మామిడిపండు ఉండనే ఉన్నవి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీ పిల్లలను వైద్యబృందములు పరీక్షించుటకు ఏర్పాటు కలదు. ఆ దినమున బిడ్డను తప్పక తీసికొనిపోవలెను. మీకు తోచిన అనుమానమును మొగమాటపడక చెప్పవలెను. అనుమానము నిజము కాకున్నచో మీకు నష్టమగునది ఒక పూట. నిజమైయుండి ఊరకున్నచో, బిడ్డకు ఆ అదను మరల రాదు.