రాళ్లు పింక్ కావాలంటే బాటిల్ కాదు, ఓపిక కావాలి | కర్నూల్లో కోరలైన్ ఆల్గే

 

పోయిన వీడియోలో మా ఇంట్లో ఉప్పునీళ్ల ట్యాంక్ చూపించినప్పటి నుంచి కామెంట్లలో ఒకటే ప్రశ్న. "అన్నా, నీ రాళ్లకు ఆ పింక్ కలర్ ఎట్లొచ్చింది? ఏ బాటిల్ పోసినావ్?" ఒకాయనైతే "పెయింటా బ్రో?" అని అడిగాడు. మా అవ్వ కూడా మొదటిసారి చూసి, "ఏందబ్బీ, రాళ్లకు కుంకుమ పూసినావా?" అనింది. పెయింట్ కాదు, కుంకుమ కాదు, బాటిల్ అంతకన్నా కాదు. ఈరోజు దాని కథే చెప్తా. అందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు ఉంది, చేయబోయి ఆగిపోయిన ఇంకో తప్పు కూడా ఉంది. రెండూ దాచకుండా చెప్తా.

ముందు అదేందో చూద్దాం. దాని పేరు కోరలైన్ ఆల్గే. పేరులో కోరల్ ఉంది గానీ ఇది పగడం కాదు, ఎర్ర నాచు జాతి. మామూలు నాచు చేత్తో ముట్టుకుంటే జారుతుంది. ఇది గీరినా రాదు, ఎందుకంటే తన కణాల గోడల్లో సున్నపురాయి పదార్థం, అంటే కాల్షియం కార్బొనేట్ నింపుకుంటుంది. దాంట్లో మెగ్నీషియం కూడా బాగానే ఉంటుంది. ఒక్క మాటలో చెప్పాలంటే బతికున్న సున్నపు పూత. సముద్రంలో ఇది విడివిడి ముక్కలను అతికించి రీఫ్‌ను గట్టిపరుస్తుంది. చాలా రకాల పగడాల పిల్లలు ఎక్కడ అతుక్కోవాలా అని వెతుక్కునేటప్పుడు ఈ పూత ఉన్న రాయినే ఇష్టపడతాయి. మన విశాఖ తీరంలో కూడా రాళ్ల మీద కొన్ని రకాల కోరలైన్ నాచులు ఉన్నాయి.

మరి మనింట్లోకి ఇది ఎట్లొస్తుంది? నేను ఆగిపోయిన తప్పు ఇక్కడే. ట్యాంక్ మొదలుపెట్టిన కొత్తలో ఒక ఫోన్ గ్రూపులో ఒకాయన ఫొటో పెట్టాడు. "ఒరిజినల్ సముద్రం రాయి, ఫుల్ పింక్, పార్సిల్ పంపిస్తా." నేను డబ్బులు పంపడానికి యాప్ కూడా తెరిచా. పక్కన కూర్చున్న మా నాయన అడిగాడు, "అది యాడ్నుంచి పీక్కొస్తారు రా?" నా దగ్గర జవాబు లేదు. రాత్రి కూర్చుని చదివితే అర్థమైంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద, రీఫ్ కట్టే గట్టి పగడాలను 2001లో షెడ్యూల్ 1లో చేర్చారు. అంటే చట్టంలో పులికి ఉన్న స్థాయే వాటికీ ఉంది. సముద్రంలోంచి పీక్కొచ్చిన ఆ "లైవ్ రాక్" చాలాసార్లు పగడపు అస్థిపంజరమే. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. తమిళనాడు పక్క మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు పగడాలను సున్నం కోసం తవ్వి తీసేవాళ్లు. అక్కడ 21 దీవులతో మెరైన్ నేషనల్ పార్క్ 1986లో వచ్చింది. అట్లాంటి చోటు నుంచి మనింటి అలంకారం కోసం ఇంకో రాయి పీకించడమా? వద్దు ఫ్రెండ్స్. ఆ యాప్ మూసేశా. నా ట్యాంక్‌లో గట్టి పగడాలు లేకపోవడానికి కారణం కూడా ఇదే.

మరి నాకెట్లొచ్చింది అంటే, ఎండు రాళ్లతో మొదలుపెట్టా. తెల్లగా, బోసిగా, చూస్తే ఏడుపొచ్చేలా ఉండేవి. హైదరాబాద్‌లో ఒక ఫ్రెండ్ వారం వారం తన ట్యాంక్ అద్దం మీద నుంచి పింక్ పొర గీరి పారేస్తాడు. ఆ గీరిన పొడి ఆ ట్యాంక్ నీళ్లలోనే చిన్న డబ్బాలో పోసిచ్చాడు. దాంతోపాటు పింక్ మచ్చలున్న నత్తలు రెండు. పంపులు ఒక పదినిమిషాలు ఆపి, ఆ పొడిని రాళ్ల మీద చల్లా. అంతే. ఎవరో చెత్త అని పారేసేది మనకు విత్తనం.

ఇక నీళ్ల సంగతి. మనది కర్నూలు, కడప. ఇంట్లో బక్కెట్టు చూడండి, తెల్ల చారలు. గీజర్ కాయిల్ చూడండి, సున్నపు గడ్డ. నేను కూడా తెలివిగా ఆలోచించా: "కోరలైన్‌కు కాల్షియం కావాలి, మన బోరు నీళ్లలో కాల్షియం దండిగా ఉంది, పోస్తే సరిపోయె కదా!" పోశా. మూడో వారానికి రాళ్లన్నీ గోధుమరంగు బురద పట్టినట్టయ్యాయి. బోరు నీళ్లలో కాల్షియం ఒక్కటే రాదు, నైట్రేట్ వస్తుంది, సిలికా వస్తుంది, ఏ ఊరి నేలను బట్టి ఆ ఊరి లెక్క. అందుకే ట్యాంక్‌కు వాడే నీళ్ల టీడీఎస్ సున్నా ఉండాలి. ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లు చాలా? మా ఇంట్లో మీటరు పెడితే 60 చూపించింది. దాని తర్వాత డీఐ రెజిన్ గొట్టం ఒకటి పెడితే సున్నాకు వచ్చింది. ఆ నీళ్లలో సముద్రపు ఉప్పు మిక్స్ కలుపుకోవాలి. వంట ఉప్పు కాదు, దయచేసి.

తర్వాత ఎండ. మే నెలలో మన దగ్గర 43 డిగ్రీలు పెద్ద వార్తే కాదు. ట్యాంక్ మాత్రం 25, 26 దగ్గర ఉండాలి. చిల్లర్ కొనే స్తోమత నాకు లేదు. కానీ మనకు ఒక వరం ఉంది, పొడి గాలి. మనింట్లో కూలర్ పనిచేసినట్టు చెన్నైలో పనిచేయదు, తెలుసు కదా? అదే లెక్క. నీళ్ల పైన చిన్న ఫ్యాన్ పెడితే ఆవిరి పోతూ వేడిని లాక్కుపోతుంది. ఒక లీటరు ఆవిరైతే పోయే వేడి, 100 లీటర్ల నీళ్లను 5 డిగ్రీల పైనే చల్లబరిచేంత. గది వేడి మళ్లీ లోపలికి వస్తానే ఉంటుంది కాబట్టి అంత కనబడదు, కానీ నా ట్యాంక్ మేలో కూడా 27 దాటలేదు.

దీనికి ఖర్చేందంటే నీళ్లు. నా 200 లీటర్ల ట్యాంక్ నుంచి మేలో రోజుకు 4 లీటర్లు పోతాయి. పోయేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది. రెండు రోజులు పట్టించుకోకపోతే 35 ఉండాల్సిన ఉప్పు శాతం, అంటే లీటరుకు 35 గ్రాముల లెక్క, 36 దాటుతుంది. కాబట్టి రోజూ మంచినీళ్లు, అంటే ఆ సున్నా టీడీఎస్ నీళ్లే కలపాలి. ఉప్పునీళ్లు కలిపారో, గోవిందా. కరెంటు పోతే ఫ్యాన్, ఒక పంపు తిరిగేలా ఇన్వర్టర్‌కు కలిపి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయం, నా పెద్ద తప్పు.

ఏడో వారంలో పంపు వెనకాల, నీడలో, నువ్వుగింజంత పింక్ చుక్క కనబడింది. నిజంగా చెప్తున్నా, నా మొదటి కోడ్ ప్రొడక్షన్‌లోకి పోయినప్పుడు కూడా అంత సంతోషపడలేదు. నాలుగు నెలలకు రాళ్ల కింద భాగాలన్నీ మచ్చలు మచ్చలుగా వచ్చాయి. అప్పుడు ఆఫీసులో రిలీజ్ పనిలో పడి మూడు వారాలు టెస్ట్ చేయలేదు. ఒక సాయంత్రం చూస్తే ఆల్కలినిటీ 6.2 డీకేహెచ్. నేను పెట్టుకున్న టార్గెట్ 8.5. భయపడిపోయి వంట సోడా కలిపి పోశా. ఇంకొంచెం పోశా. పడుకునే ముందు చూస్తే 10.5. "బాగానే పెరిగింది" అనుకుని పడుకున్నా.

పొద్దున లేచేసరికి ఆ రెండు నత్తలూ వెల్లకిలా పడున్నాయి. రెండో రోజుకు పింక్ అంతా తెల్లబారడం మొదలైంది. నాలుగు నెలల పని వారంలో ఎముక రంగుకు వచ్చింది. తక్కువ ఉండటం వల్ల ఇంత నష్టం కాలేదు, ఒక్క రాత్రిలో మార్చడం వల్ల అయింది. సర్వర్ స్లోగా ఉందని అర్ధరాత్రి ప్రొడక్షన్‌లో చేయి పెట్టినట్టు. ఆఫీసులో అట్లా చేయొద్దని జూనియర్లకు చెప్పేది నేనే, ఇంట్లో చేసింది నేనే. బాధేసేది ఏందంటే, ఆ నత్తలు నన్ను నమ్ముకుని వచ్చిన ప్రాణాలు.

సరే, ఆ దెబ్బ నుంచి నేర్చుకున్న లెక్క రాసుకోండి. ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్ మధ్య ఏదో ఒక అంకె పెట్టుకోండి. కాల్షియం 420 పీపీఎం దగ్గర, మెగ్నీషియం 1,300 నుంచి 1,350 మధ్య. వీటిలో ముందు జారేది ఆల్కలినిటీనే. కోరలైన్ పెరుగుతూ 2.8 డీకేహెచ్ తినేస్తే కాల్షియం 20 పీపీఎం మాత్రమే తగ్గుతుంది. 420లో 20 పోతే తెలియదు, 8.5లో 2.8 పోతే ఇల్లు కూలినట్టే.

మూడు రోజులు, అదే టైముకు టెస్ట్ చేయండి. రోజుకు ఎంత తగ్గుతుందో అదే మీ ట్యాంక్ ఆకలి. నాది రోజుకు 0.3. 200 లీటర్ల నీళ్లలో 1 డీకేహెచ్ పెంచడానికి దాదాపు 6 గ్రాముల వంట సోడా కావాలి. బేకింగ్ పౌడర్ కాదు, వంట సోడా. అంటే నాకు రోజుకు 1.8 గ్రాములు చాలు. ఆరోజు నేను పోసింది దాదాపు 26 గ్రాములు, రెండు వారాల కూడు ఒక్క రాత్రిలో! తగ్గిపోయి ఉంటే కూడా రోజుకు సగం డీకేహెచ్ కంటే ఎక్కువ పెంచకండి. సోడాతో ఆల్కలినిటీ మాత్రమే వస్తుంది, కాల్షియం క్లోరైడ్ వేరేగా పోయాలి. రెండూ ఒకేసారి ఒకే చోట పోస్తే తెల్లటి పొడి అయి అడుక్కు పోతుంది.

ఇంకో పద్ధతి ఉంది, మా అవ్వకు భలే నచ్చింది. సున్నపు తేట. మన ఆకూవక్కలో సున్నం ఉంటుంది కదా, అదే పదార్థం, కాల్షియం హైడ్రాక్సైడ్. సున్నా టీడీఎస్ నీళ్లలో కలిపి, తేరిన తర్వాత పైన తేట మాత్రం తీసుకుంటే, కాల్షియం, ఆల్కలినిటీ రెండూ సరైన పాళ్లలో వస్తాయి. అవ్వ తన సున్నపు డబ్బీ తెచ్చిచ్చింది గానీ, తాంబూలం సున్నం వద్దు, శుద్ధిగా ఉండే ఫుడ్ గ్రేడ్‌ది కొనండి. దీని పీహెచ్ 12 దాటుతుంది, చేతికి గ్లోవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి, ఇంట్లో పిల్లలకు అందనీయకండి.

ఇక్కడ మన ఊరి వాళ్లకు ఒక హెచ్చరిక. బయటి వీడియోల్లో ఆవిరైన నీళ్ల బదులు మొత్తం సున్నపు తేటే పోయమంటారు. వాళ్ల ట్యాంక్‌లో ఆవిరి తక్కువ. మనకు మేలో 4 లీటర్లు. చిక్కటి తేట 1 లీటరు పోస్తే 200 లీటర్ల ట్యాంక్‌లో దాదాపు 0.57 డీకేహెచ్ పెరుగుతుంది. 4 లీటర్లూ అదే పోస్తే రోజుకు 2 పైనే! నా ట్యాంక్‌కు అర లీటరు తేట చాలు, అది కూడా రాత్రిపూట చుక్కచుక్కగా. మిగతా మూడున్నర లీటర్లు ఉత్త నీళ్లే.

లైటు గురించి చిన్న మాట. లైటు పెంచితే పింక్ తొందరగా వస్తుందనుకుంటారు. కాదు, నా ట్యాంక్‌లో ముందు నీడలోనే వచ్చింది. నీడలో పెరిగిన రాయిని తెచ్చి లైటు కింద పెడితే తెల్లబోతుంది. చేపలకు మేత ఎక్కువేస్తే ఫాస్ఫేట్ పెరుగుతుంది, అది సున్నం కట్టడాన్ని అడ్డుకుంటుంది, పైగా పచ్చ నాచు చోటు లాక్కుంటుంది.

బాగా వచ్చిన తర్వాత ఇంకో తలనొప్పి, ఎక్కడపడితే అక్కడ పడుతుంది. ముందు అద్దం వారానికోసారి బ్లేడుతో గీరేయండి, నెలకోసారి అనుకున్నారో చేతులు పడిపోతాయి. యాక్రిలిక్ ట్యాంక్ అయితే బ్లేడు వద్దు, ప్లాస్టిక్ కార్డు వాడండి. పంపు లోపల పడితే తిరగడం ఆగిపోతుంది. రెండు మూడు నెలలకోసారి పంపు బయటకు తీసి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టండి. బుసబుసా నురగొచ్చి ఊడిపోతుంది. కడిగి మళ్లీ పెట్టేయడమే.

ఆ నురగ చూసినప్పుడల్లా నాకు బెలుం గుహలు గుర్తొస్తాయి. అక్కడ కూడా ఇదే జరిగింది. గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న నీళ్లు సున్నపురాయిని నిదానంగా కరిగించి, 3 కిలోమీటర్ల పైన గుహలు తొలిచాయి. ఇంక మనింట్లో నేల చూడండి, నాపరాళ్లు. అవి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. కడప జిల్లా వేంపల్లె దగ్గర రాళ్లలో పొరలు పొరలుగా, గుమ్మటాల్లా గుర్తులుంటాయి. వాటిని స్ట్రొమటొలైట్లు అంటారు. 190 కోట్ల ఏళ్లకంటే పాతవి. అవి కోరలైన్ కాదు, అప్పటికి ఇది పుట్టనే లేదు. సూక్ష్మజీవుల పొరలు కట్టినవి. కానీ పని ఒకటే, నీళ్లలోంచి సున్నం తీసుకుని కొంచెం కొంచెంగా రాయి కట్టడం.

సముద్రం మనకు దూరం అనుకుంటాం. మనం నడిచేదే దాని మీద. దాన్ని ఎవరూ బాటిల్‌తో కట్టలేదు, ఒక్క రాత్రిలో కట్టలేదు.

తెల్లబోయిన నా రాళ్ల మీద మళ్లీ మొదటి చుక్క రావడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు మీరు చూస్తున్న పింక్ అంతా ఆ తర్వాత ఏడాది పైన పెరిగింది. ఈసారి నేను చేసిందల్లా ఒక్కటే, రోజూ ఒకే టైముకు కొంచెం కొంచెం పోయడం, అంకెలు నోట్‌బుక్‌లో రాయడం.

మీ ఇంటి నీళ్ల టీడీఎస్ ఎంతో, మీది ఏ ఊరో కామెంట్‌లో పెట్టండి. ఊరు ఊరికీ తేడా చూద్దాం. ఎవరైనా సముద్రం రాయి అమ్ముతానంటే మా నాయన అడిగిన ప్రశ్నే అడగండి, "యాడ్నుంచి పీక్కొస్తారు?" వచ్చే వీడియోలో డీఐ గొట్టం ఇంట్లోనే ఎట్లా బిగించుకోవాలో చూపిస్తా. ఉంటా మరి, జాగ్రత్త.